ముందు చదివి వినిపించు

టెలిఫోన్ అత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వంటింటి గడప మీద కూర్చుందట. మళ్ళీ లేవలేదు. ఆమె పక్కింటావిడ నా బ్రౌజింగ్ సెంటర్ ముందుకొచ్చి ఈ మాట చెబితే నేను, “మీరు కళ్ళారా చూశారా, ఎవరైనా చెప్పారా?” అని అడిగాను. చావు కబురు తెచ్చిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? నా సంగతి అంతే. సగం అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది, మిగతా సగం అత్త దగ్గర నేర్చుకున్నాను.

మన ఉత్తరాల గుంపులో ఈమధ్య చేరినవాళ్ళు ఆమెను ఎరగరు. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. తరాలుగా పుదుచ్చేరిలో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం ఇంటర్నెట్లో ఈ గుంపు పెట్టింది ఆమే. ఒకరు ఉత్తరం రాస్తే సభ్యులందరికీ చేరుతుంది. మనలో చాలామందికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటాం. కానీ ఏ ఉత్తరమైనా ముందు ఆమె చూసి సరే అంటేనే బయటికి పోయేది. ఆమె ఎవరికీ బంధువు కాదు, మా ఉప్పళం పేటలో అందరికీ అత్తే.

ఆ మంగళవారం చిక్కు అక్కడే వచ్చింది. పదిన్నరకు మా సెంటర్ ముందు ఆటో ఆగింది. అందులోంచి రిటైరైన లెక్కల మాస్టారు దిగారు, ఆయన వెనకే మా నాన్న దిగాడు. నాకు కళ్ళు తిరిగినంత పనైంది. మాస్టారికి మా సెంటర్ అంటేనే గిట్టదు, నాన్నకూ ఆయనకూ ముఖపరిచయం కూడా లేదనే అప్పటిదాకా అనుకున్నాను. ఏమీ అడక్కుండా కుర్చీ చూపించాను. మాస్టారు కూర్చుని, అత్త పోయిందని రెండు వాక్యాలు రాసి పంపారు. గుంపు నిర్వాహకురాలు ఆమోదించిన తర్వాత మీ ఉత్తరం అందరికీ వెళ్తుందని తెర మీద వచ్చింది.

ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆమె పోయిందన్న ఉత్తరాన్ని ఆమే చూసి పంపాలి.

“పాస్‌వర్డు ఎవరికీ ఇచ్చే రకం కాదే” అన్నాను.

“నాకు తెల్సు. నువ్వట్ట జరుగు” అన్నాడు నాన్న.

నాన్న ముప్పై ఏళ్ళు మిల్లులో మగ్గాల మధ్య పనిచేశాడు. ఆయన మామూలుగా మాట్లాడితే వీధి మొత్తం వింటుంది. ఆ మాటా అలాగే వినపడింది. భుజం మీది తువ్వాలు తీసి కీబోర్డు మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టి ఒంటివేలితో కొట్టడం మొదలుపెట్టాడు. నాకు కనపడకూడదట! అది అచ్చంగా అత్త చేసే పని.

ఆమె మొదటిసారి సెంటర్‌కు వచ్చినరోజు కూడా నాన్న అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికెళ్తే ఆయనే కొట్టు చూసుకునేవాడు. నేను అప్పుడే తిరిగొచ్చాను. కొత్తమనిషి గడప దాటగానే నాన్న తన పాట అందుకున్నాడు: “ఎవరింటోళ్ళమ్మా మీరు? ఏ వీధి? మీ తాత పేరేంది? మిమ్మల్ని ఎరిగినోళ్ళు ఈడ ఎవురుండారు?” ఎవరొచ్చినా ఈ నాలుగు ప్రశ్నలే, ఇదే వరసలో. మాకు అది మర్యాద. అడక్కపోతేనే, ఇంటికొచ్చినా పట్టించుకోలేదని వచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు.

ఆమె నాలుగింటికీ నిలబడే జవాబు చెప్పింది. తర్వాత నావైపు తిరిగింది.

“ఇప్పుడు నా ప్రశ్న. ఈ మిషన్లో నేను కొట్టేది ఆ మిషన్లో కనపడతాదా?”

“కనపడదత్తా.”

“నువ్వు చెప్తే సరిపోద్దా?” అని వంగి, బల్ల కింద వైర్లు ఏది ఎక్కడికి పోతుందో వేలితో పట్టి గోడదాకా చూసుకుంది. అరవై దాటిన మనిషి! తర్వాత మూలనున్న ఆరో నంబరు మిషను ఎంచుకుంది, వెనక గోడ ఉంటుందని. రోజూ పదింటికి వచ్చేది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు చేతిరుమాలు పరిచేది. నేను నీళ్ళ సీసా కోసం అటు వెళ్ళినా సరే, నేను దాటేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఈమె ఏదో డిపార్టుమెంటు తరఫున మా సెంటర్ మీద నిఘాకు వచ్చిందని మొదటి నెలంతా నా అనుమానం. గోడవైపు కూర్చుంది కాబట్టి మిగతా అయిదు తెరలూ ఆమెకు కనపడతాయి కదా. ఆమె నన్ను చూస్తుందని నేను ఆమెను చూసేవాణ్ణి. నేను చూస్తున్నానని ఆమె ఇంకా చూసేది.

గుంపు నియమాలు కాగితం మీద రాసి పంపమని ఇప్పుడు కొత్తవాళ్ళు అడుగుతున్నారు. కాగితం ఎప్పుడూ లేదు. కొత్తవాళ్ళకు జవాబు రాస్తూ, రాసేది పైకి చదువుకోవడం ఆమెకు అలవాటు. అలా నా చెవిన పడ్డవే నాకు తెలుసు.

“చేరిన దినమే నోరు తెరవద్దు అబ్బోడా. ఏడు దినాలు ఊరికే చదువు. ఎక్స్ఛేంజీలో మాకు మొదట నేర్పించింది మాట్లాడేది కాదు. ప్లగ్గు పెట్టే ముందర, లైన్లో ఇంకెవురన్నా ఉండారా అని వినేది.”

“ఈ ప్రశ్న పోయిన ఏడే ఒకరు అడిగినారు, ఇద్దరు చెప్పినారు. పాత ఉత్తరాలు ఉండేది ఎందుకు? పోయి చూడు.”

“థాంక్సు ఆయమ్మకే చెప్పు. మిగిలినోళ్ళందర్నీ పిలిచి చెప్పేదెందుకు?”

“ఒకరింటికి పోతే చెప్పులు యాడ ఇడిసినారో చూసి మనమూ ఆడే ఇడుస్తాం గదా. ఈడా అంతే.”

ఈ ఉత్తరం పదిమందికి పంపితే మీకు మంచి జరుగుతుంది, లేకపోతే కీడు జరుగుతుందని అప్పట్లో తెగ వచ్చేవి. అలాంటివి పంపినవాళ్ళకు ఆమె ఒకటే రాసేది: “నీకేం మంచి జరిగిందో ముందు రాయి. నిజమైతే నేనూ పంపుతా.” ఒక్కరూ తిరిగి రాయలేదు. ఆమె మాత్రం రెండురోజులు చూసేది, రాస్తారేమోనని!

అప్పటికింకా అన్ని ఉత్తరాలూ ఆమె చేతిమీదుగా పోయే కట్టడి లేదు. కొత్తవాళ్ళు ఏడు రోజులు ఆగాలన్న మాటను అందరూ మన్నించేవారు, అంతే. లెక్కల మాస్టారు అప్పుడే గుంపులో పాత పుదుచ్చేరి సంగతులు రాస్తుండేవారు. తన చిన్నప్పటి కురుచికుప్పం, పడవలు ఒడ్డుకు లాగే సమయం, బడికి నడిచే దారి. అందరూ ఎదురుచూసి చదివేవారు.

ఒకరోజు ఆయనకు గుంపులోనే ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు ఆరోజే చేరాడు. పేరు లేదు, పేరుండాల్సిన చోట ఏవో నాలుగంకెలు. మొత్తం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంది. ఇంటర్నెట్లో అలా రాస్తే మొహం మీద అరిచినట్టే లెక్క. “మీరు ఎవరింటోళ్ళు? ఏ వీధి? మీ తాత పేరేంది? మిమ్మల్ని ఎరిగినోళ్ళు ఎవురుండారు?”

చదివినవాళ్ళందరికీ ఒకటే అర్థమైంది. నువ్వు మావాడివేనా, రుజువు చూపించు అని ఎవడో నిలదీస్తున్నాడు. మాస్టారిని చిన్నతనంలో ఎవరో తీసుకొచ్చి పెంచారు. తాత పేరు ఆయనకు నిజంగానే తెలియదు. ఆ సంగతి అప్పుడు గుంపులో ఎవరికీ తెలియదు, ఇప్పుడు ఆయన రాయమంటేనే రాస్తున్నాను. “నన్ను అనుమానించే చోట నేనుండను” అని ఒక్క ముక్క రాసి ఆయన గుంపులోంచి వెళ్ళిపోయారు.

ఇక గుంపులో గోల చెప్పనలవి కాదు. కంప్యూటర్లు తెలిసిన ఒక సభ్యుడు ఆ ఉత్తరం వెనక కంప్యూటరు జాడ చెప్పే అంకెలన్నీ చూసి, ఇది మా సెంటర్‌లోంచే వచ్చిందని తేల్చేశాడు. అంతే, అందరి వేళ్ళూ నామీదికే. పిల్లల్ని మా దగ్గరికి పంపడం మానేశారు. రోజూ వచ్చే మొహాలు రోడ్డుకు అవతలి పక్కనుంచి నడిచి పోతుంటే, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని నాకు ఏడుపొక్కటే తక్కువ. సెంటర్ మూతపడితే నాకు వేరే పని తెలియదు.

ఎవరొచ్చినా పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము రాయడానికి నా దగ్గర ఒక రిజిస్టరు ఉంది. తీసి చూశాను. ఆ ఉత్తరం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్ళింది. ఆ పూట సెంటర్‌లో ఒక్కడే ఉన్నాడు, నాలుగో నంబరు మిషను మీద. తట్టాంచావడిలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో గుమాస్తా. భోజనాల వేళ సైకిల్ మీద వచ్చి మెయిల్ చూసుకుని పోయేవాడు. వెళ్ళిన టైము దగ్గర ఏమీ రాసి లేదు. ఇంకేం కావాలి నాకు?

మర్నాడు అతను రాగానే గుమ్మంలోనే ఆపాను. “నువ్వు రాసింది తెలిసిపోయింది. ఇంక ఈ గడప తొక్కొద్దు” అన్నాను. వీధిలోవాళ్ళకు వినపడాలనే గట్టిగా అన్నాను. అతను లోపల కుర్చీలో కూర్చున్న మా నాన్నవైపు ఒకసారి చూశాడు. తర్వాత, “సెరి అన్నా” అని సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే మాట్లాడలేదనుకున్నాను.

అది చాలదన్నట్టు, అతని పేరు పెట్టి గుంపుకు ఉత్తరం రాశాను. నా సెంటర్‌కు అంటిన మచ్చ పోవాలి కదా. నేను చేరి ఏడాదైనా గుంపుకు ఒక్క ముక్కా రాయలేదు, అదే నా మొదటిది. ఆ ఉత్తరం పోలేదు. అప్పటికే అత్త కట్టడి పెట్టేసింది. మాస్టారు వెళ్ళిపోయిన రోజునుంచి ప్రతి ఉత్తరమూ ఆమె చూశాకే పోవాలి. ఎవరికైనా అదే మొదటి ఉత్తరమైతే ఇంకో షరతు, ఆమె ఇంటికి ఫోన్ చేసి పైకి చదివి వినిపించాలి. ఆ షరతు మొట్టమొదట నా నెత్తినే పడింది.

ఫోన్ చేశాను. అవతల ఎత్తిన చప్పుడైంది, మాట లేదు. ఎత్తగానే ఒక్క గుక్కసేపు వినడం ఆమె పద్ధతి. తర్వాత, “చదువప్పా, లైన్లోనే ఉండా” అంది.

చదివాను. కోపంగానే మొదలుపెట్టాను. ఆ ఉత్తరం, ఆ టైము, నాలుగో మిషను. అతని పేరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఎందుకో నిలిచిపోయింది.

“ఆగినావే, ఎందుకు?” అంది.

“ఏం లేదత్తా.”

“ఏమీ లేకుండా గొంతు ఆగదు. చూసినావా వాడు రాసేది?”

“చూడలేదు. కానీ రిజిస్టరులో...”

“నోటితో చెప్పలేనిది అందరికీ పంపించేది ఎట్టప్పా? రేపు మళ్ళీ చేయి. చదవగలిగితే పంపుతా.”

మర్నాడు నేను చేయలేదు. కానీ ఆమె మీద కోపం మాత్రం పెరిగింది. ఎందుకంటే, నన్ను అలా ఆపిందంటే అసలు ఎవరు రాశారో ఆమెకు తెలుసని నాకు అర్థమైపోయింది. ఆరో నంబరు దగ్గరికి వెళ్ళి మొహం మీదే అడిగాను. ఆమె రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “లైన్లో విన్నది లైన్లోనే ఉండాల. ఎక్స్ఛేంజీలో ఇంటింటి సంగతులూ ఈ చెవిలో పడినాయి. ఒకటైనా బయటికొచ్చిందా?” అంది.

“నా కొట్టు మూతపడతా ఉంది అత్తా!”

“పడదు. వస్తారు” అంది, అంతే.

తర్వాత ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె, మా నాన్న కలిసి ఆటోలో ఎక్కడికో పోవడం మొదలైంది. నాన్నను అడిగితే, “కళ్ళ డాక్టరు దగ్గరికి” అని అరిచేవాడు. వారం వారం కళ్ళు చూసే డాక్టరు ఎవరు? నాన్నకు కంప్యూటర్లంటే మొదటినుంచీ పడదనే నేను అనుకునేవాణ్ణి. ఈమె నామీద చాడీలు చెప్పి, సెంటర్ ఎత్తించి ఆ గదిని ఎవరికో అద్దెకిప్పిస్తోందని లెక్క కట్టుకున్నాను. నాలుగేళ్ళు ఆ లెక్క మీదే ఉన్నాను. ఆమె చెప్పినట్టే మనుషులు మెల్లగా మళ్ళీ వచ్చారు, సెంటర్ నిలబడింది. అయినా ఆమె పదింటికి వస్తే తలూపేవాణ్ణి తప్ప, బాగున్నావా అత్తా అని నోరారా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఎవరున్నారు?

మళ్ళీ ఆ మంగళవారానికి వస్తాను. నాన్న తువ్వాలు తీశాడు. మాస్టారి ఉత్తరం గుంపుకు వెళ్ళిపోయింది. నేను తలుపు దగ్గరికి వేసి, “నీకెట్లా తెలుసు?” అని అడిగాను. నాన్న మాస్టారివైపు చూశాడు. మాస్టారు తల పంకించారు.

“ఆ పెద్దక్షరాలు నావి” అన్నాడు నాన్న.

భోజనాల వేళ నేను లేనప్పుడు, ఆ గుమాస్తానే బతిమాలి, పేరు చోట తన మిల్లు నంబరు పెట్టి గుంపులో చేరాడట. అతనే నాలుగో మిషను మీద అన్నీ తెరిచిపెట్టి, ఏది నొక్కాలో చూపించి, ఫ్యాక్టరీకి టైమైందని వెళ్ళిపోయాడట. అదే మిషను ముందు కూర్చుని నాన్న ఒంటివేలితో అరగంట కొట్టాడు. కొట్టుగలవాడి తండ్రి రిజిస్టరులో పేరెందుకు రాస్తాడు?

“మాస్టారు రాసేది ఆ పిల్లోడు చదివి వినిపించేవోడు. ఎంత బాగుండాది! ఇంత బాగా రాసే మనిషి ఎవరింటోళ్ళో కనుక్కుందామని అడిగినా. పెద్దాయన గదా, కళ్ళు ఆనవేమో, పెద్దక్షరాలైతే మర్యాదగా ఉంటాదనుకుంటి.”

మర్యాద! వీధిలో నిలబడి అడిగితే మర్యాదయ్యే నాలుగు ప్రశ్నలు, పేరూ మొహమూ లేకుండా తెర మీద పడేసరికి మనిషిని వెళ్ళగొట్టాయి. అత్త వాటిని చూసీ చూడగానే పట్టేసిందట. మొదటిరోజు ఆమెను నాన్న అడిగినవి అవే, అదే వరస. నేనూ ఆరోజు అక్కడే ఉన్నాను కదా. ఇంట్లో రోజూ మోగే గొంతు నాకెందుకు వినపడలేదు?

ఆమె నాన్నను తిట్టలేదట. ఆటోలో ఎక్కించుకుని మాస్టారింటికి తీసుకెళ్ళి, “ఇప్పుడు నోటితో అడుగన్నా” అందట. నాన్న అడిగాడు. ఆ గొంతు, ఆ మొహం చూసి మాస్టారు మొదట బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వారట. తాత పేరు తెలియదని అప్పుడే మొదటిసారి ఒక మనిషితో చెప్పారట. ఆ తర్వాత గుంపులోకి తిరిగొచ్చారు. గురువారాలన్నీ ఆ ఇంటి అరుగు మీదే. కిందటేడు కంటి ఆపరేషనుకు పోతూ ఆమె పాస్‌వర్డు నాన్నకు ఇచ్చిందట. “ఒకసారి తప్పు చేసి సిగ్గుపడినోడివి, నువ్వైతే జాగ్రత్తగా చూస్తావు” అందట.

“మరి ఆ గుమాస్తా?” అన్నాను.

నాన్న తువ్వాలు మడుస్తూ చెప్పాడు. “నువ్వు వాణ్ణి తరిమేటప్పుడు నేను కుర్చీలోనే ఉంటి. వాడు నన్ను చూసినాడు, నేను తల దించుకున్నా. బతుకంతా అరిచినా నేను. అరవాల్సిన దినం గొంతు రాలా.” అత్తా ఆయనా తట్టాంచావడి వెళ్ళి వెతికారట. అప్పటికే అతను పని మానేసి వెళ్ళిపోయాడు. ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు.

నాన్న పేరు బయటపెట్టి ఉంటే నా సెంటర్‌కు ఆ మచ్చ ఒక్కరోజులో పోయేది. కానీ ఆ మాట నాన్న నోటితోనే రావాలని ఆమె నాలుగేళ్ళు నా మొహం చిట్లింపును భరించింది. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

గుంపులో నా మొదటి ఉత్తరం ఇదే. ఇక్కడిదాకా రాసి, పద్ధతి ప్రకారం నిన్న మధ్యాహ్నం సెంటర్‌లోంచి ఇంటికి ఫోన్ చేశాను. ఇప్పుడు గుంపును చూసుకునేది నాన్నే. అవతల ఎత్తిన చప్పుడైంది. ఒక గుక్కసేపు మాట లేదు.

“చదువు. లైన్లోనే ఉండా” అన్నాడు. ఆ గొంతు నాన్నదేనా అని నాకు అనుమానం వచ్చింది. అంత మెల్లగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

మొదటినుంచి చదువుకుంటూ వచ్చాను. రుమాలు దగ్గర ఆయన నవ్వాడు. పెద్దక్షరాల దగ్గర గొంతు సవరించుకున్నాడు. గుమ్మం దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి దగ్గరికి వచ్చాను. “సెరి అన్నా” అన్న రెండు మాటలు నాకు నోట్లోంచి రాలేదు.

“ఆగినావే, ఎందుకు?” అన్నాడు నాన్న.

“ఇది తీసేస్తా నాన్నా” అన్నాను.

“అది మాత్రం తీసేయద్దు. యాడున్నాడో, ఎవురన్నా చదివి వానికి చెప్తారేమో” అన్నాడు. “మెల్లగా చదువు. తొందరేం లేదు.”

రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. ఎంతసేపటికీ ఆయన ఫోన్ పెట్టలేదు. అవతల ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. నా ఎదురుగా ఆరో నంబరు దగ్గర కుర్చీ, గోడకు ఆనుకుని, ఖాళీగా ఉంది.